ఎరిక్ కాంటోనా: ఆట మానేశాక నటన, శిక్షణ

ఎరిక్ కాంటోనా (జననం: 1966 మే 24, మార్సెయ్, ఫ్రాన్స్) మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు, సినీ, రంగస్థల నటుడు, బీచ్ సాకర్ కోచ్. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుకు 1992 నుంచి 1997 దాకా ఆడి, ఐదు సీజన్లలో నాలుగుసార్లు ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టుకు ఆయువుపట్టుగా నిలిచారు. ఫామ్ బాగున్న దశలోనే, ముప్పై ఏళ్ల వయసులో ఆట వదిలేశారు. ఆ తర్వాత నలభైకి దగ్గరగా సినిమాలు, టెలివిజన్ ధారావాహికల్లో నటించారు. మరోవైపు ఫ్రాన్స్ బీచ్ సాకర్ జట్టును తీర్చిదిద్ది, 2005లో ఫిఫా నిర్వహించిన తొలి బీచ్ సాకర్ ప్రపంచ కప్‌ను గెలిపించారు.

నిలబెట్టిన చొక్కా కాలరు, 1995లో ప్రేక్షకుణ్ణి తన్నిన సంఘటన: కాంటోనా పేరు చెప్పగానే ఫుట్‌బాల్ అభిమానులకు గుర్తొచ్చేవి ఈ రెండే. నటనకూ శిక్షణకూ బీజం పడింది కూడా ఆ సంఘటన జరిగిన ఏడాదే. అందుకే ఆయన రెండో జీవితాన్ని 1997లో ఆట మానేసిన రోజు నుంచి కాక, 1995 నుంచి లెక్కవేయడం సబబు.

నేపథ్యం, ఆటగాడిగా ప్రస్థానం

మార్సెయ్ నగర శివారు లె కయోల్‌లో ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరిగా కాంటోనా పెరిగారు. తండ్రి వృత్తిరీత్యా నర్సు. తీరిక వేళల్లో బొమ్మలు వేసేవారు. తల్లి కుట్టుపని చేసేవారు. తండ్రి వైపు పూర్వీకులు ఇటలీలోని సార్డీనియా నుంచి, తల్లి వైపువారు స్పెయిన్‌లోని కాటలోనియా నుంచి వలస వచ్చినవారు. బొమ్మలు వేసే అలవాటు తండ్రి నుంచే వచ్చిందని ఆయన చెబుతుంటారు. తమ్ముడు జోయెల్ కూడా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడి, తర్వాత అన్నతో పాటే సినిమాల్లోకీ బీచ్ సాకర్‌లోకీ వచ్చారు.

1983లో పదిహేడేళ్ల వయసులో ఓసేర్ క్లబ్బు తరఫున కోచ్ గీ రూ ఆయన్ను తొలిసారి బరిలోకి దింపారు. 1988లో ఫ్రాన్స్ అండర్-21 జట్టు యూరోపియన్ టైటిల్ గెలవడంలో ఆయనకు ముఖ్యపాత్ర ఉంది. అదే ఏడాది సొంత ఊరి క్లబ్బు మార్సెయ్ ఆయన్ను 2 కోట్ల 20 లక్షల ఫ్రాంకులకు కొన్నది. అప్పటికి ఫ్రాన్స్‌లో అదే రికార్డు ధర. ప్రతిభతో పాటు ముక్కుమీద కోపమూ ఉండేది. జాతీయ కోచ్ ఆన్రి మిషెల్‌ను టెలివిజన్‌లో దుర్భాషలాడి ఏడాది పాటు జాతీయ జట్టుకు దూరమయ్యారు. 1990లో మోంపెలియే జట్టుకు ఫ్రెంచ్ కప్ అందించారు. 1991 డిసెంబరులో నీమ్ జట్టుకు ఆడుతూ రిఫరీ మీదికి బంతి విసిరారు. క్రమశిక్షణ సంఘం నెల రోజుల నిషేధం విధిస్తే, సభ్యుల ముఖం మీదే తిట్టి దాన్ని రెండు నెలలు చేయించుకున్నారు. ఆ కోపంలో ఇక ఆడనని ప్రకటించారు. అప్పుడాయన వయసు పాతికేళ్లు.

నాటి జాతీయ కోచ్ మిషెల్ ప్లాటినీ నచ్చజెప్పడంతో మనసు మార్చుకుని 1992 ఆరంభంలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యునైటెడ్‌లో చేరారు. కొద్ది నెలల్లోనే లీడ్స్ లీగ్ ఛాంపియన్ అయింది. ఆ నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ 12 లక్షల పౌండ్లకు ఆయన్ను తీసుకున్నారు. అంతకుముందు 26 ఏళ్లుగా లీగ్ టైటిల్ ఎరుగని ఆ క్లబ్బు 1993, 1994, 1996, 1997లలో దాన్ని గెలుచుకుంది. 1994, 1996లలో ఎఫ్ఏ కప్ కూడా దక్కింది. యునైటెడ్‌కు 185 మ్యాచ్‌లలో 82 గోల్స్, ఫ్రాన్స్‌కు 45 మ్యాచ్‌లలో 20 గోల్స్ కాంటోనా లెక్క.

శిక్షణ అన్న మాటకు సంబంధించి ఈ దశలో చెప్పుకోవలసిన ముచ్చట ఒకటుంది. యునైటెడ్‌లో చేరిన కొత్తలో సాధన ముగిసి అందరూ వెళ్లిపోతుంటే కాంటోనా ఫెర్గూసన్ దగ్గరికొచ్చి ఇద్దరు కుర్రాళ్లనూ ఒక గోల్‌కీపర్‌నూ ఇమ్మని అడిగారు. ఎందుకని అడిగితే సాధన చేయడానికని జవాబిచ్చారు. వాళ్లు పక్క నుంచి బంతులు అందిస్తుంటే గాలిలో ఉండగానే వాటిని గోల్‌లోకి కొడుతూ చాలాసేపు ఉండిపోయారు. మర్నాడు మరికొందరు కుర్రాళ్లు ఆగిపోయారు. డేవిడ్ బెకమ్, పాల్ స్కోల్స్, గ్యారీ నెవిల్ తరం యువ ఆటగాళ్లకు సాధన తర్వాతి సాధన అలవాటు కావడం వెనక కాంటోనా ఉన్నారని ఫెర్గూసన్ తర్వాత చాలాసార్లు చెప్పారు. కోచ్ పదవి లేకుండానే ఆయన నేర్పిన తొలి పాఠమిది.

1995: నిషేధం, పిల్లలకు శిక్షణ, తొలి సినిమా

1995 జనవరి 25న లండన్‌లోని సెల్‌హర్స్ట్ పార్క్ మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్. తనను అంటిపెట్టుకుని తిరుగుతున్న డిఫెండర్ రిచర్డ్ షాను తన్నినందుకు కాంటోనాకు రెడ్ కార్డు చూపించారు. బయటికి నడుస్తుండగా మెట్ల వరసలు దిగి ముందుకొచ్చిన ఒక ప్రేక్షకుడు దూషించాడు. కాంటోనా అడ్డుబోర్డుల మీదుగా ఎగిరి అతణ్ణి తన్నారు, ఆపైన పిడికిలి విసిరారు. టెలివిజన్‌లో ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది.

క్లబ్బు ఆయనకు 20,000 పౌండ్ల జరిమానా వేసి సీజన్ ముగిసేదాకా పక్కన పెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నిషేధాన్ని సెప్టెంబరు 30 దాకా పొడిగించి మరో 10,000 పౌండ్ల జరిమానా విధించింది. ఫ్రాన్స్ జట్టు కెప్టెన్సీ పోయింది. జాతీయ జట్టుకు మళ్లీ ఆయన ఆడలేదు. మార్చి 23న క్రాయిడన్ మేజిస్ట్రేటు కోర్టు రెండు వారాల జైలు శిక్ష వేసింది. వారం తర్వాత అప్పీలులో దాన్ని రద్దుచేసి 120 గంటల సమాజ సేవగా మార్చారు. ఆ రోజు కిక్కిరిసిన విలేకరుల ముందు కూర్చుని, చేపల పడవనూ దాని వెంటపడే సముద్రపు కొంగలనూ గురించి ఒక్క వాక్యం చెప్పి లేచిపోయారు. ఆ కొంగలు తామేనని పాత్రికేయులకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

కోర్టు చెప్పిన సేవ ఏమిటంటే, స్థానిక పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం. సాల్‌ఫర్డ్‌లో యునైటెడ్ సాధన మైదానమైన 'ద క్లిఫ్'కు పిల్లల్ని బృందాలుగా రప్పించారు. బంతిని ఆపడం, అందించడం, గోల్‌కు కొట్టడం వంటి ప్రాథమిక పాఠాలను కాంటోనా వాళ్లకు స్వయంగా నేర్పారు. శిక్షగా మొదలైనా, ఆయన కోచ్‌గా నిలబడింది మొదటిసారి అక్కడే.

నటన కూడా ఆ నిషేధ కాలంలోనే మొదలైంది. ఎతియెన్ షాతిలియే దర్శకత్వంలోని హాస్యచిత్రం 'ల బొనోర్ ఎ దాన్ ల ప్రే'లో లియొనెల్ అనే చిన్న పాత్ర దొరికింది. విసుగెత్తిన ఫ్యాక్టరీ యజమాని ఒకాయన, తనను తప్పిపోయిన మరొకరిగా పొరబడిన కుటుంబంలోకి వెళ్లి పల్లెలో బాతుల పెంపకందారుగా స్థిరపడే కథ అది. అందులో ఎరిక్, జోయెల్ ఇద్దరూ రగ్బీ ఆడే పల్లెటూరి యువకులుగా కనిపిస్తారు. మిషెల్ సెరో, సబీన్ అజెమా, ఎడ్డీ మిచెల్ ప్రధాన పాత్రధారులు. 1995 డిసెంబరులో విడుదలై ఫ్రాన్స్‌లో 40 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడైన సినిమా అది. అంత పెద్ద విజయంలో, ఎవరి దృష్టీ తన మీద నిలవని చిన్న వేషంతో అరంగేట్రం చేయడం కాంటోనాకు మేలే చేసింది.

అక్టోబరు 1న మైదానానికి తిరిగొచ్చి లివర్‌పూల్ మీద గోల్ కొట్టారు. 1996 మేలో ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో, కెప్టెన్‌గా అదే జట్టు మీద గెలుపు గోల్ కొట్టి కప్పు అందుకున్నారు.

ముప్పై ఏళ్లకే విరమణ

1997 మే నెలలో, లీగ్ గెలిచిన కొద్ది రోజులకే, ఆట మానేస్తున్నట్లు ప్రకటించారు. గాయాలు లేవు, క్లబ్బుతో తగువు లేదు. ఆట మీద మునుపటి తపన చల్లారిందని తర్వాతి ఇంటర్వ్యూలలో చెప్పుకొచ్చారు. ఆ తరం ఆటగాళ్లలో చాలామంది ఆట మానగానే కోచ్ ధ్రువపత్రాల కోసమో టీవీ వ్యాఖ్యానంలోకో వెళ్లారు. కాంటోనా ఆ రెండు దారులూ పట్టలేదు. సినిమా నటుడిగా కింది మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఫుట్‌బాల్‌లో అప్పటికింకా సరైన నిబంధనావళి, లీగులు ఏర్పడుతున్న బీచ్ సాకర్‌ను ఎంచుకున్నారు.

తొలి దశ సినిమాలు

విరమణ తర్వాత ఆయనకు అంతర్జాతీయ తెర మీద చోటిచ్చింది భారతీయ దర్శకుడు కావడం మనవాళ్లకు ఆసక్తి కలిగించే విషయం. శేఖర్ కపూర్ తీసిన 'ఎలిజబెత్' (1998)లో ఫ్రెంచ్ రాయబారి మస్యూ ద ఫ్వా పాత్రను కాంటోనా పోషించారు. ఆంజూ డ్యూక్‌తో ఇంగ్లండ్ రాణి పెళ్లి కుదర్చడానికి మంతనాలు జరిపే పాత్ర అది. రాణిగా కేట్ బ్లాంచెట్, డ్యూక్‌గా వాంసాఁ కాసెల్ నటించారు. ఏడు ఆస్కార్ నామినేషన్లు పొందిన ఆ చిత్రంలో కాంటోనాకు ఉన్నవి కొద్ది సన్నివేశాలే. యాస వదలని ఇంగ్లిషు, బిగుసుకుని నిలబడే తీరు, రాజసం నిండిన దుస్తులు రాయబారి పాత్రకు అతికినట్టు సరిపోయాయి.

అదే ఏడాది 'మూకీ' అనే హాస్యచిత్రంలో మాట్లాడే చింపాంజీ పక్కన బాక్సర్‌గా నటించారు. మరుసటి ఏడాది జాన్ బెకెర్ తీసిన 'లెజ్ ఆన్‌ఫాన్ ద్యు మారె'లో మళ్లీ బాక్సర్ వేషమే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఒక చిత్తడి నేల అంచున బతికే పేదల కథ అది. ఎత్తు, ఛాతీ, నల్లటి గడ్డం చూసి దర్శకులు ఆయనకు ఒళ్లు బలం ఉన్న పాత్రలే ఇస్తూ వచ్చారు.

ఆ మూసను మొదట బద్దలు కొట్టింది 'లూత్ర్‌మాన్జోర్' (2003). తియెర్రీ బినిస్తీ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి ఒక బొమ్మల కథల పుస్తకం ఆధారం. తిండి యావతో లావెక్కి ప్రాణం మీదికి తెచ్చుకున్న పోలీసు అధికారి పాత్ర కోసం ఆయన ఒంటినిండా కృత్రిమ కొవ్వు పొరలు తొడుక్కున్నారు. క్రీడాకారుడి దేహాన్ని పూర్తిగా కప్పేసిన ఆ వేషంలో కళ్లు, గొంతు తప్ప ఆసరాకు ఇంకేమీ లేవు. ఆ చిత్రంలో కథానాయికగా నటించిన రషీదా బ్రక్నీని ఆయన 2007లో పెళ్లాడారు. ఆమె అప్పటికే 'కెయొ' చిత్రానికి సెజార్ పురస్కారం పొందిన నటి, శాస్త్రీయ నాటకరంగంలో శిక్షణ పొందినవారు. కాంటోనా నటన మీద ఆమె ప్రభావం తర్వాతి ఏళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది.

2002లో అమెరికన్ రచయిత చార్ల్స్ బుకోవ్‌స్కీ కథ ఆధారంగా ఒక లఘుచిత్రానికి స్వయంగా దర్శకత్వం వహించారు. 2007లో ఆలాన్ కోర్నో తీసిన 'ల దజియెమ్ సూఫ్ల్'లో దానియెల్ ఓతోయ్, మోనికా బెలూచీలతో కలిసి నటించారు. ప్రఖ్యాత దర్శకుడు జాన్-పియెర్ మెల్విల్ 1966లో తీసిన నేరకథా చిత్రానికి ఇది పునర్నిర్మాణం.

'లుకింగ్ ఫర్ ఎరిక్'

కాంటోనా సినీజీవితంలో గొప్పగా చెప్పుకోదగ్గ చిత్రం 'లుకింగ్ ఫర్ ఎరిక్' (2009). తనకూ ఒక వీరాభిమానికీ మధ్య అనుబంధం మీద సినిమా తీస్తే బాగుంటుందన్న ఆలోచన ఆయనదే. ఫ్రెంచ్ నిర్మాతలతో కలిసి దాన్ని బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ ముందు పెట్టారు. లోచ్‌తో ఎన్నో చిత్రాలకు పనిచేసిన పాల్ లావర్టీ ఆ ఆలోచనను పూర్తి కథగా మలిచారు. కాంటోనా నిర్మాణంలోనూ పాలుపంచుకున్నారు.

కథానాయకుడు కాంటోనా కాదు. మాంచెస్టర్‌లో ఉత్తరాలు పంచే ఎరిక్ బిషప్ అనే మధ్యవయస్కుడు. స్టీవ్ ఎవెట్స్ ఆ పాత్ర పోషించారు. మొదటి భార్యను వదిలేసిన పశ్చాత్తాపం, మాట వినని సవతి కొడుకులు, రౌడీ మూకల బెదిరింపులు అతణ్ణి కుంగదీస్తాయి. ఒక రాత్రి గదిలో గోడమీది కాంటోనా నిలువెత్తు పోస్టరుతో గోడు వెళ్లబోసుకుంటుంటే, అసలు కాంటోనా వెనక నుంచి మాట కలుపుతారు. అక్కణ్ణుంచి ఆయన పోస్ట్‌మన్‌కు మాత్రమే కనబడే సలహాదారు. పొద్దున్నే పరుగెత్తిస్తారు, గడ్డం గీయిస్తారు, పాత భార్యతో మాట్లాడే ధైర్యం నూరిపోస్తారు. గమనిస్తే ఆ పాత్ర ఒక కోచ్ పాత్రే.

ఆ సినిమాలో తప్పక చూడవలసిన సన్నివేశం ఒకటి. నీ ఆటలో అన్నిటికంటే తీపి జ్ఞాపకం ఏదని పోస్ట్‌మన్ అడిగి, తనకు తెలిసిన గొప్ప గోల్స్ ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. కాంటోనా తల అడ్డంగా ఊపుతూనే ఉంటారు. చివరికి చెప్పేది గోల్ గురించి కాదు, టాటనమ్ జట్టు మీద సహ ఆటగాడు డెనిస్ అర్విన్‌కు అందించిన పాస్ గురించి. అతను దాన్ని అందుకోకపోతేనో అని పోస్ట్‌మన్ సందేహపడితే, జట్టులోవాళ్లను నమ్మి తీరాలని కాంటోనా బదులిస్తారు. పతాక సన్నివేశంలో పోస్ట్‌మన్‌కు తోడుగా పదుల సంఖ్యలో స్నేహితులు కాంటోనా ముఖం తొడుగులు వేసుకుని రౌడీ ఇంటి మీదికి వెళ్లడానికి పునాది ఈ మాటల్లోనే ఉంది.

ఆ ఏడాది కాన్ చిత్రోత్సవ పోటీ విభాగంలో ప్రదర్శితమైన ఈ చిత్రానికి క్రైస్తవ సంఘాల ఎక్యుమెనికల్ జ్యూరీ బహుమతి లభించింది. తన మీద తానే నవ్వుకోగల చతురత కాంటోనాలో ఉందని చాలామందికి తెలిసింది ఇక్కడే. తన గంభీర సూక్తులను తానే ఎగతాళి చేసుకున్నారు. ట్రంపెట్ మీద ఫ్రెంచ్ జాతీయగీతాన్ని అపస్వరాలతో ఊది నవ్వించారు.

రంగస్థలం, టెలివిజన్

2010 జనవరిలో పారిస్‌లోని మారిన్యీ థియేటర్‌లో 'ఫాస్ ఒ పారాది' నాటకంతో తొలిసారి రంగస్థలం ఎక్కారు. కూలిన సూపర్ మార్కెట్ శిథిలాల కింద చిక్కుకున్న ఇద్దరు మనుషుల కథ. రెండో పాత్రలో లొరాన్ డాయిచ్ నటించారు. దర్శకత్వం రషీదా బ్రక్నీది. కెమెరా ముందు తప్పు జరిగితే మరో టేకు ఉంటుంది. శిథిలాల కింద కదలలేని పాత్రలో, దేహం సాయం లేకుండా, ఎదుటి నటుడి మాటను వింటూ గంటకు పైగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టడం వేరే పరీక్ష.

ఆ తర్వాతి చిత్రాల్లో యాన్ గొన్జాలెజ్ తీసిన 'లె రాన్‌కాంత్ర్ దాప్రె మిన్వీ' (2013), డెన్మార్క్ దర్శకుడు క్రిస్టియన్ లెవ్రింగ్ దక్షిణాఫ్రికాలో చిత్రీకరించిన కౌబాయ్ చిత్రం 'ద సాల్వేషన్' (2014) చెప్పుకోదగ్గవి. ఆ కౌబాయ్ చిత్రంలో మాడ్స్ మికెల్సెన్ నాయకుడు. కాంటోనాది ప్రతినాయకుడి కుడిభుజం వేషం. డాక్యుమెంటరీలలోనూ పాలుపంచుకున్నారు. రాజకీయ అణచివేతకు ఎదురునిలిచిన సోక్రటీస్, రషీద్ మెఖ్లూఫీ వంటి ఆటగాళ్ల మీద వచ్చిన 'లె రెబెల్ ద్యు ఫుట్' (2012)లో కథకుడు ఆయనే.

నటుడిగా ఆయన పరిణతికి నిదర్శనం 'దెరపాజ్' (2020) అనే ఆరు భాగాల ధారావాహిక. పియెర్ లెమెత్ర్ నవలకు జియాద్ దూయిరీ దర్శకత్వంలో తెరరూపమిది. ఆర్తె ఛానెల్ తర్వాత నెట్‌ఫ్లిక్స్ దీన్ని వివిధ దేశాల ప్రేక్షకులకు చేర్చింది. ఆయన పాత్ర ఆలాన్ దెలాంబ్ర్. వయసు 57. ఒకప్పుడు పెద్ద కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసిన అధికారి, ఇప్పుడు ఆరేళ్లుగా సరైన ఉద్యోగం లేక చిల్లర పనులతో నెట్టుకొస్తున్నాడు. ఉద్యోగ ఎంపికలో భాగంగా ఒక కంపెనీ బూటకపు బందీల నాటకం నడిపించబోతే, దాన్ని నిజం చేసేంత తెగింపుకు వెళతాడు. అవమానాన్ని పళ్ల బిగువున భరించి, ఉన్నట్టుండి భగ్గుమనే మనిషి ఆ దెలాంబ్ర్. అలాంటివాడిగా కాంటోనాను నమ్మడానికి ప్రేక్షకులకు 1995 గుర్తుండనక్కర్లేదు. గుర్తున్నవాళ్లకు మాత్రం ఆ పాత్రలో ఇంకో పొర అదనంగా కనిపిస్తుంది.

శిక్షకుడిగా: బీచ్ సాకర్

పెద్ద క్లబ్బు మేనేజరుగా కాంటోనా ఎన్నడూ పనిచేయలేదు. ఆయన కోచ్‌గా పేరు తెచ్చుకున్నది పూర్తిగా బీచ్ సాకర్‌లో. ఇసుక మీద ఆడే ఈ ఆటకు బూట్లు ఉండవు. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఐదుగురు. పన్నెండేసి నిమిషాల మూడు భాగాలు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫౌల్ జరిగితే అడ్డుగోడ కట్టే వీలు లేదు. ఇసుక ఎత్తుపల్లాల వల్ల నేల మీద పాస్ దారి తప్పుతుంది. కాబట్టి బంతిని గాలిలో ఆడించడం, వెనక్కి ఒరిగి తలమీదుగా కొట్టడం ఇక్కడ విన్యాసాలు కావు, రోజువారీ అవసరాలు. మైదానం చిన్నది కావడంతో ఎక్కడి నుంచైనా గోల్‌కు గురిపెట్టవచ్చు. వాలీ కొట్టడంలో ఆరితేరిన కాంటోనాకు ఇది అచ్చివచ్చిన ఆట.

1997 తర్వాత ఆయన ఫ్రాన్స్ బీచ్ సాకర్ జట్టులో ఆటగాడిగా చేరి, తర్వాత కోచ్ బాధ్యత కూడా తీసుకున్నారు. తమ్ముడు జోయెల్ కూడా ఈ ఆటను ఫ్రాన్స్‌లో నిలబెట్టడానికి పనిచేశారు. అప్పటిదాకా ఇది రిటైరైన తారలు సరదాగా ఆడే ప్రదర్శన మ్యాచ్‌ల ఆటగా చలామణీ అయ్యేది. బ్రెజిల్‌కు, ఆ తర్వాత పోర్చుగల్‌కు ఎదురుండేది కాదు. కాంటోనా నాయకత్వంలో ఫ్రాన్స్ 2004లో యూరోపియన్ లీగ్ గెలిచింది.

2005 మేలో రియో డి జనీరోలోని కోపకబానా తీరాన, ఫిఫా తన ఆధ్వర్యంలో తొలి బీచ్ సాకర్ ప్రపంచ కప్ నిర్వహించింది. పన్నెండు జట్లు పాల్గొన్నాయి. సొంతగడ్డ మీద ఆడుతున్న బ్రెజిల్‌ను సెమీఫైనల్‌లో పోర్చుగల్ ఓడించింది. ఫైనల్‌లో ఫ్రాన్స్, పోర్చుగల్ 3–3తో సమంగా నిలవగా, పెనాల్టీ షూటౌట్‌లో ఫ్రాన్స్ 1–0తో నెగ్గింది. పోర్చుగల్ వైపు ఆ టోర్నీలోనే అత్యధిక గోల్స్ కొట్టిన మాజెర్ ఉన్నాడు. ఫ్రాన్స్‌కు అంతటి ఏకైక తార ఎవరూ లేరు. ఆడుతూనే కోచ్‌గా ఉన్న కాంటోనా కూడా అప్పటికి తొలి ప్రాధాన్యపు ఆటగాడు కాదు. తనను తాను బెంచీ మీద కూర్చోబెట్టుకుని కుర్రాళ్లకు బరి వదలడం ఆ విజయంలో కోచ్‌గా ఆయన తీసుకున్న సరైన నిర్ణయం. ఫ్రాన్స్ 1998లో గెలిచిన ప్రపంచ కప్ జట్టులో చోటు దక్కని మనిషి, మరో రూపంలో ఫ్రాన్స్‌కు ప్రపంచ కప్ తెచ్చారు.

ఆ తర్వాత ఫ్రాన్స్ 2006లో మూడో స్థానం, 2007లో నాలుగో స్థానం పొందింది. 2008లో ప్రపంచ కప్ మొదటిసారి బ్రెజిల్ దాటి కాంటోనా సొంత ఊరు మార్సెయ్‌కు, ప్రాదో తీరానికి వచ్చింది. ఆతిథ్య జట్టు సెమీఫైనల్ చేరలేకపోయింది. బ్రెజిల్ విజేత అయింది. అప్పటికి మిగతా దేశాలు పూర్తికాలపు ఆటగాళ్లను, లీగులను తయారుచేసుకోవడంతో ఫ్రాన్స్ వెనకబడింది. కాంటోనా కోచ్ బాధ్యత నుంచి తప్పుకున్నాక ఆ జట్టు మళ్లీ ప్రపంచ కప్ గెలవలేదు.

2011 జనవరిలో అమెరికాలోని న్యూయార్క్ కాస్మోస్ ఆయన్ను ఫుట్‌బాల్ డైరెక్టరుగా నియమించింది. 1970లలో పెలే, బెకెన్‌బవర్ ఆడిన ఆ క్లబ్బు అప్పుడు పునరుద్ధరణ ప్రయత్నంలో ఉంది. క్లబ్బుకు మైదానంలో దిగే జట్టే లేని దశ కావడంతో ఆ పదవి ఎక్కువగా ప్రచారానికి పరిమితమైంది. కొద్దికాలంలోనే ముగిసింది.

ఇదే దారిలో నడిచిన ఇతరులు

ఫుట్‌బాల్ ఆటగాళ్లు తెరకెక్కడం కొత్త కాదు. జాన్ హ్యూస్టన్ తీసిన 'ఎస్కేప్ టు విక్టరీ' (1981)లో పెలే, బాబీ మూర్ నటించారు. విన్నీ జోన్స్ 1998లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌లో ఆటగాడు, సహాయ కోచ్‌గా ఉంటూనే 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్'తో సినిమాల్లోకి వచ్చి హాలీవుడ్‌లో స్థిరపడ్డారు. స్కాట్లండ్ ఆటగాడు ఆలీ మెకాయిస్ట్ రాబర్ట్ డువల్ పక్కన 'ఎ షాట్ ఎట్ గ్లోరీ'లో నటించి, తర్వాత రేంజర్స్ మేనేజరుగా 2011 నుంచి 2014 దాకా పనిచేశారు. దివాలా తీసి నాలుగో శ్రేణికి పడిపోయిన ఆ క్లబ్బును రెండు శ్రేణులు పైకి తెచ్చారు. 1998 ప్రపంచ కప్ విజేత ఫ్రాంక్ లెబోఫ్ రంగస్థల నటుడయ్యారు. 'ద థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్' (2014)లో స్విస్ వైద్యుడిగా కనిపిస్తారు.

మన దేశంలో ఈ కోవకు చెందినవారు ఐ.ఎం. విజయన్. త్రిశూర్ మున్సిపల్ స్టేడియంలో సోడాలు అమ్మిన కుర్రాడు కేరళ పోలీసు జట్టు ద్వారా ఎదిగి భారత జట్టు కెప్టెన్ అయ్యారు. 2003లో అర్జున, 2025లో పద్మశ్రీ అందుకున్నారు. జయరాజ్ దర్శకత్వంలో జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైన 'శాంతం'తో మలయాళ తెరకు పరిచయమయ్యారు. విశాల్ నటించిన 'తిమిరు'లో ప్రతినాయక వర్గంలో కనిపించారు. తెలుగువారు దాన్ని 'పొగరు'గా చూశారు. మహిళల ఫుట్‌బాల్ జట్టు కోచ్ కథగా వచ్చిన 'బిగిల్' (తెలుగులో 'విజిల్', 2019)లోనూ ఉన్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సాంకేతిక సంఘానికి 2022లో అధ్యక్షుడయ్యారు.

వీరిలో నటన, శిక్షణ రెండింటిలోనూ శిఖర స్థాయి ఫలితం చూపింది కాంటోనా ఒక్కరే. ఒకవైపు కాన్ పోటీ చిత్రానికి తన ఆలోచనతో శ్రీకారం చుట్టి అందులో నటించారు. మరోవైపు జాతీయ జట్టుకు ప్రపంచ కప్ అందించారు.

గుర్తింపు, అంచనా

2019 ఆగస్టులో యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆయనకు అధ్యక్ష పురస్కారం ఇచ్చింది. మొనాకో వేదిక మీద, టోపీ పెట్టుకుని మైకు ముందుకొచ్చి, షేక్స్‌పియర్ 'కింగ్ లియర్' నాటకంలోని ఒక మాటతో ప్రసంగం మొదలుపెట్టి, సైన్సు, మృత్యువు, యుద్ధాల మీదుగా వెళ్లి, ఫుట్‌బాల్ అంటే తనకిష్టమని ముగించారు. ముందు వరసలోని మెస్సీ, రొనాల్డో ముఖాల్లో తెల్లబోయిన చూపులు ఆ వీడియోలో కనిపిస్తాయి. 2021లో ప్రీమియర్ లీగ్ కీర్తి శిఖరాల జాబితాలో చేరారు. 2023లో గాయకుడిగా కచేరీలు చేశారు.

నటుడిగా ఆయన పరిమితులు తెలియనివి కావు. ఇంగ్లిషు సంభాషణలు మూడు నాలుగు వాక్యాలు దాటితే బరువెక్కుతాయి. తొలి పదేళ్లలో చాలా పాత్రలు ఆయన పేరు కోసం రాసినట్టే ఉంటాయి. కోచ్‌గా కూడా నిలకడైన వ్యవస్థను కట్టి వెళ్లారని చెప్పలేం. అయినా పాతికేళ్ల పాటు తారగా దొరికే సులువైన వేషాలతో సరిపెట్టుకోలేదు. లావాటి పోలీసు నుంచి నిరుద్యోగి దెలాంబ్ర్ దాకా క్రమంగా కష్టమైన పాత్రల వైపు నడిచారు. ఇసుక మీద ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆటలో ఓపికగా జట్టును కట్టి గెలిచారు. కాంటోనాను ఒక్క తన్నుతో గుర్తుంచుకోవడం ఆయన చేసిన పనికి తగిన న్యాయం కాదు.